గుమ్మంలో పుట్టిన మాట

డిక్షనరీకి తన తోడల్లుడంటే గిట్టదు. ఎందుకు గిట్టదని అడిగితే చెప్పడానికి ఒక్క కారణమూ దొరకదు, అసలు బాధంతా అదే. తోడల్లుడు అబద్ధమాడడు, మాట తూలడు, భోజనాల దగ్గర అందరికీ అందిందో లేదో చూసుకుంటే గానీ కూర్చోడు. అలాంటి మనిషి మీద ఏళ్ళ తరబడి కడుపుమంట పెట్టుకోవాలంటే మామూలు ఓపిక చాలదు. డిక్షనరీకి ఆ ఓపిక పుష్కలంగా ఉంది.

డిక్షనరీ అన్నది అత్తవారింట్లో పడిన పేరు. ఆయన ఉద్యోగం ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఆఫీసులో, కొత్త మాటల విభాగంలో. తోడల్లుడిది తలుపుల వ్యాపారం. కొలిచి, కోసి, చిత్రిక పట్టి, తనే వెళ్ళి బిగించి వస్తాడు. అందుకని అతను తలుపులాయన. అక్కని డిక్షనరీకి, చెల్లెల్ని తలుపులాయనకి ఇచ్చారు. పెళ్ళిళ్ళయిన కొత్తలో అత్తగారు పదిమందికీ చెప్పుకున్నది పెద్దల్లుడి చదువు గురించే. పోను పోను ఆ చెప్పుకోవడం చిన్నల్లుడి కబుర్ల గురించి అయింది. ఎప్పుడు మారిందో డిక్షనరీ కనిపెట్టలేకపోయాడు గానీ, మారిందని మాత్రం పసిగట్టాడు. ఆవిడ ఉండేది కూడా ఇప్పుడు చిన్నకూతురింట్లోనే.

కొత్త మాటల విభాగమంటే పై అంతస్తులో ఒక పొడుగాటి గది, వరసగా బల్లలు, బల్లకి మూడు ట్రేలు. పత్రికల్లోనో ప్రకటనల్లోనో నవలల్లోనో తొంగిచూసిన కొత్త ఇంగ్లీషు మాటలన్నీ చీటీలెక్కి మొదటి ట్రేలో వచ్చి పడతాయి. జనం నోళ్ళలోనూ రాతల్లోనూ నిలదొక్కుకున్నవి మూడో ట్రేలోకి, అక్కణ్ణుంచి నిఘంటువులోకి వెళ్తాయి. ఎటూ తేలనివి నడిమి ట్రేలో పడుకుంటాయి. ఆ నడిమి ట్రేని ఆఫీసులో ఆస్పత్రి అంటారు. చాలా మాటలు అక్కడే కన్నుమూస్తాయి.

ఇంగ్లీషులో మాటలెలా పుడతాయో చెప్పమని డిక్షనరీని కదిపితే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. అసలు కదపక్కర్లేదు కూడా, భోజనాల దగ్గర ఆయనే మొదలుపెడతాడు. "రెండు మాటలు తెచ్చి అతికిస్తే ఒకటవుతుంది. స్మోకూ ఫాగూ కలిస్తే స్మాగ్. బ్రేక్‌ఫాస్టూ లంచీ కలిస్తే బ్రంచ్. కొన్నిటికి తోక కోస్తారు, కొన్నిటికి తల కోస్తారు. పాపం ఇన్‌ఫ్లుయెంజాకి రెండూ కోసేసి ఫ్లూ మిగిల్చారు. ఎడిట్ అనే మాట నుంచి ఎడిటర్ వచ్చిందనుకుంటారు మీరు. కాదు. ముందు పుట్టింది ఎడిటరే! కొడుకు పుట్టాక తండ్రి పుట్టినట్టన్నమాట. ఇక అడిగి తెచ్చుకున్నవాటికి అంతే లేదు. బంగళా నుంచి షాంపూ దాకా, ఇంగ్లీషు ఎవరింటికెళ్ళినా ఉత్త చేతులతో తిరిగి రాలేదు." ఇంతవరకూ ఎవరో ఒకరు ఊఁ కొడతారు. ఆ తర్వాత మరదలు మంచినీళ్ళ కోసం లేస్తుంది, అత్తగారికి కునుకు పడుతుంది. చివరిదాకా కళ్ళార్పకుండా వినేది తలుపులాయన ఒక్కడే. అది కూడా డిక్షనరీకి కంటగింపే. అంత బాగా వినేవాణ్ణి తిట్టుకోవడం కష్టం మరి.

ఇన్ని వేల మాటలకి పుట్టుకలు రాసిన మనిషికి కోరిక ఒకటే ఒకటి. తను పుట్టించిన మాట ఒకటి ఆ నిఘంటువులో ఉండాలి. కింద చిన్న అక్షరాల్లో తన పేరుండాలి. జీతం పెంచమని ఆయన ఎప్పుడూ అడగలేదు, గది మార్చమని అడగలేదు. ఈ ఒక్క కోరిక కోసం ఎన్నో మాటలు కట్టాడు. అందులో ఆయన ప్రాణం పెట్టుకున్నది అంబ్రెగ్రెట్. అంబ్రెల్లా, రిగ్రెట్ కలిపి చేశాడు. గొడుగు ఇంట్లో వదిలేసి బయటికొచ్చాక, వాన మొదలైనప్పుడు మనసులో పడే పశ్చాత్తాపం. అర్థం ఎంత బాగుందో చూడండి. పలకబోతే మాత్రం నాలిక మడతపడుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి ఆయనకి ఆ సంగతి తెలియలేదు. వాన పడ్డ ప్రతిసారీ ఆఫీసు వరండాలో నిలబడి గట్టిగా "అబ్బా, అంబ్రెగ్రెట్!" అనేవాడు. పక్కవాళ్ళు ఆయనకి తుమ్ము వచ్చిందనుకుని జరిగి నిలబడేవాళ్ళు.

తన మాటని తానే చేర్చుకోవడానికి వీల్లేదు. నిఘంటువుకి మొహమాటం లేదు. మాట కట్టినవాడికి బంధువులూ స్నేహితులూ కానివాళ్ళు, తమంతట తాము దాన్ని వాడాలి, అదీ రాతలో వాడాలి. అప్పుడే రుజువు. అంబ్రెగ్రెట్‌కి ఇన్నేళ్ళలో ఒక్క రుజువూ రాలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం తలుపులాయన ఇంట్లో భోజనాలు. సాయంత్రం బయల్దేరదామనుకున్నారు. డిక్షనరీ భార్య చెప్పులేసుకుని, "వెళ్ళొస్తామే" అంది. చెల్లెలు "సరే అక్కా" అంది. ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. అప్పుడు చెల్లెలు "అన్నట్టు" అంది.

ఈ అన్నట్టు అనే మాట కాపురం గుమ్మంలోనే. లోపల సోఫాలో కూర్చున్నంతసేపూ అది కనబడదు. చెప్పులేసుకోగానే లేచి వస్తుంది. ఎవరి కూతురికో సంబంధం కుదిరిన సంగతి వచ్చింది, ఎవరికో మోకాలికి ఆపరేషన్ చేసిన సంగతి వచ్చింది, ఆపరేషన్ చేసిన డాక్టరు గురించి ఇంకో సంగతి వచ్చింది. అక్క లోపలికి రాదు, బయటికి పోదు. లోపల కుర్చీలో అత్తగారు కూడా గొంతు కలిపారు. బూట్లు వేసుకుని మెట్ల మీద నిలబడ్డ డిక్షనరీ ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి మార్చుకుంటున్నాడు.

తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డ తలుపులాయన నవ్వాడు. "చూశారా అన్నయ్యగారూ, మధ్యాహ్నం నుంచి లోపల కూర్చున్నారు, ఒక్క సంగతీ గుర్తు రాలేదు. గుమ్మంలోకి రాగానే అన్నీ గుర్తొచ్చాయి. వీళ్ళది ఫేర్‌వెల్ కాదండీ, డోర్‌వెల్!"

అక్కాచెల్లెళ్ళిద్దరూ పకపకా నవ్వారు. లోపల అత్తగారు, "ఏంటే, ఏమన్నాడు?" అని అడిగి, చెప్పించుకుని మరీ నవ్వారు.

డిక్షనరీ నవ్వలేదు. ఆయనకి గుండెలో కలుక్కుమంది. ఎన్నో ఏళ్ళుగా మాటల నాడి పట్టుకున్న చెయ్యి ఆయనది. ఏది పురిట్లోనే పోతుందో, ఏది బతికి బట్ట కడుతుందో చీటీ చూడగానే చెప్పేస్తాడు. ఇది బతుకుతుంది. నోటికి నున్నగా ఉంది, వినగానే అర్థమవుతోంది, పైగా ఇన్నాళ్ళూ ఆ పనికి పేరు లేదు. తను రాత్రింబగళ్ళు కూర్చుని చెక్కినా రానిది, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డవాడి నోట్లోంచి ఊడిపడింది. ఆ దారిన పోతూ పొరుగువాడి పెరట్లో బంగారం చూసినవాడిలా ఉంది ఆయన పరిస్థితి.

"నడవ్వే, పొద్దుపోతోంది" అని భార్య మీద అరిచాడు.

వారం తిరక్కుండా అత్తగారు ఫోన్ చేశారు. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. "నిన్న ఎదురింటావిడ వచ్చిందిలే అమ్మా, వెళ్తూ వెళ్తూ ఎంతసేపు డోర్‌వెల్ చేసిందనుకున్నావ్, కాళ్ళు లాగేశాయి" అన్నారు. స్పీకర్లో విన్నాడు డిక్షనరీ. పుండు మీద కారం చల్లినట్టయింది. అంబ్రెగ్రెట్ అనే మాటని ఆవిడకి ఆయన ఎన్నిసార్లు నేర్పబోయాడో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆవిడ నోరు తిరగలేదు. దీనికి మాత్రం ఎలా తిరిగిందో.

అసూయకి బుర్ర ఎక్కువ పనిచేస్తుంది, ఆలోచన తక్కువ. డిక్షనరీ ఒక ఇంగ్లీషు పత్రికలో ఆదివారం ఆదివారం మాటల గురించి ఒక శీర్షిక రాసేవాడు. ఆ వారం కూర్చుని ఈ మాటని దుమ్మెత్తిపోశాడు. "వెళ్ళొస్తామని చెప్పాక కూడా వెళ్ళకుండా గుమ్మంలో నిలబడి సాగదీసే కబుర్లకి ఎవరో డోర్‌వెల్ అని పేరు పెట్టారట. ఒక మాటకి తల నరికి, దాని మొండేనికి ఇంకో మాటని తెచ్చి మేకు కొట్టినంత మాత్రాన మాటయిపోదు. ఇలాంటివి పుట్టిన గడప దాటకుండానే పోవాలి." ఇదీ దాని సారాంశం.

మొదట రాసినప్పుడు తోడల్లుడి పేరు రాశాడు. రాశాక అనుమానమొచ్చింది. తిట్టడానికే అయినా పేరు అచ్చులో పడితే వాడికది గొప్పే కదా? కొట్టేసి, ఒక తలుపుల వ్యాపారి అని రాశాడు. ఊళ్ళో తలుపుల వ్యాపారులు ఎంతమంది ఉంటారు, ఇట్టే పోల్చుకుంటారు. అదీ కొట్టేశాడు. ఎవరో అని రాశాక గానీ మనసు కుదుటపడలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. కొరివితో తల గోక్కున్నానని ఆయనకి అప్పటికి తెలియదు.

జనానికి తిట్టు గుర్తుండలేదు, మాట గుర్తుండిపోయింది. ఇన్నాళ్ళూ తమ ఇళ్ళల్లో జరుగుతున్నదానికి ఒక పేరుందని పత్రిక చదివి తెలుసుకున్నారు. పై వారం పాఠకుల ఉత్తరాల్లో ఒకావిడ, మా ఆయన గారి డోర్‌వెల్ వల్ల రైలు తప్పిపోయింది, అని రాసింది. రేడియోలో పొద్దుటి కార్యక్రమం చేసేవాడు, ఇక డోర్‌వెల్ చాలించి పాటలోకి వెళ్దాం, అన్నాడు. ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీ ఒకటి తమ ప్రకటనలో, డోర్‌వెల్ కోసమే విశాలమైన వాకిలి, అని వేసుకుంది. ఏడాది తిరిగేసరికి ఆఫీసులో రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి కూడా, "సార్, మీ దగ్గరికొచ్చి వెళ్ళినాయన ఇంకా కింద డోర్‌వెల్ లోనే ఉన్నాడు" అనడం మొదలుపెట్టింది. ఒక్కో చీటీ వచ్చి తన ట్రేలో పడుతుంటే డిక్షనరీ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆస్పత్రి ట్రేలో అడుగున పెట్టేవాడు. అయినా దానికి జబ్బు చెయ్యలేదు.

చివరికి ఆ మాట విభాగం మీటింగుకి వచ్చింది. బల్ల చివర ఛీఫ్ ఎడిటర్ కూర్చున్నారు. నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. ఆవిడ ముందర డోర్‌వెల్ చీటీలు దళసరిగా ఉన్నాయి.

డిక్షనరీ గొంతు సవరించుకున్నాడు. "నాకు అభ్యంతరముందండీ. ఇది నాలుగు రోజుల ముచ్చట. పైగా మోటుగా ఉంది."

"మోటో నాజూకో మనకనవసరం కదండీ, మనం అందాల పోటీ పెట్టడం లేదుగా" అన్నారావిడ. "వాడారా లేదా అన్నదే చూస్తాం. మొట్టమొదటి అచ్చు రుజువు ఎవరిదో చూశారా మీరు?"

"లేదండీ."

"మీదే."

ఆవిడ పై చీటీ తీసి ఆయన ముందుకి జరిపారు. ఆదివారం శీర్షిక ముక్క, తేదీతో సహా, దాని కింద ఆయన పేరు.

"నేను దాన్ని తిట్టానండీ!" అన్నాడు డిక్షనరీ. గొంతు కీచుమంది.

ఉచ్చారణలు చూసే అమ్మాయి పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది. ఛీఫ్ మాత్రం నవ్వలేదు. "కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మీరు చెప్పే మొదటి పాఠం ఏంటండీ? తిట్టినా వాడినట్టే. ఆ గోడ మీద రాసి పెట్టించింది కూడా మీరే." ఆవిడ వేలెత్తి చూపించారు. గోడ మీద నిజంగానే ఉంది, ఆయన దస్తూరీలోనే. "పైగా అర్థం ఎంత తేటగా రాశారో. వెళ్ళొస్తామని చెప్పాక కూడా వెళ్ళకుండా గుమ్మంలో నిలబడి సాగదీసే కబుర్లు. దీన్నే అర్థంగా పెట్టేద్దాం, నేనైతే ఇంత బాగా రాయలేను."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు డిక్షనరీ.

"ఒక్కటే సందేహం" అన్నారావిడ. "ఎవరో పేరు పెట్టారట అని రాశారు. ఆ ఎవరో ఎవరో మీకు తెలుసా? తెలిస్తే చెప్పండి, పుట్టుక దగ్గర వాళ్ళ పేరు వేద్దాం. లేదంటే తెలియదని వేస్తాం. అప్పుడు చూసేవాళ్ళకి మొదట కనబడేది మీ పేరే."

డిక్షనరీ కళ్ళకి నిఘంటువు పేజీ కనబడింది. మాట, అర్థం, కింద చిన్న అక్షరాల్లో తన పేరు. ఇన్నేళ్ళ కోరిక చేతికందేంత దూరంలో ఉంది. పక్కన ఇంకో పేజీ కూడా కనబడింది. అందులో తలుపులాయన పేరుంది. అత్తగారు దాన్ని ఎదురింటావిడకి చూపిస్తున్నారు.

"తెలియదండీ. ఎవరో అనగా విన్నాను" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి భార్యతో సగం సంతోషంగా, సగం గొణుగుతూ చెప్పాడు. ఆవిడ చేస్తున్న పని ఆపింది.

"ఎవరన్నారో చెప్పారా వాళ్ళకి?"

"తెలియదన్నాను."

"తెలియదన్నారా" అంది ఆవిడ. "ఆ రోజు గుమ్మంలో నేనూ ఉన్నానుగా. మా మరిదిగారు అన్నప్పుడు నవ్విందాన్ని నేనే."

"ఏదో వాగాడు, వాగిందల్లా మాటవుతుందా? దాన్ని పదిమందిలోకి తీసుకెళ్ళింది ఎవరు? నేను కాదూ?"

"మీరే. గడప దాటకూడదని తీసుకెళ్ళారు." ఆవిడ మళ్ళీ పనిలో పడింది. ఆ రాత్రి ఆయనకి వడ్డించింది గానీ మాట్లాడలేదు. ఆవిడ అరిచినా బాగుండేదనిపించింది ఆయనకి.

ఆవిడ చెల్లెలికి చెప్పింది మాత్రం ఒక్కటే, మీ బావగారి పేరు నిఘంటువులో పడుతోంది అని. ఎలా పడుతోందో చెప్పలేదు. అంతే, తలుపులాయన ఫోన్ మీద ఫోన్. "ఆదివారం మా ఇంట్లోనే భోజనం అన్నయ్యగారూ, ఎవరు ఒప్పుకున్నా నేనొప్పుకోను." ఆఫీసు నుంచి వచ్చిన ప్రూఫు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు డిక్షనరీ. సోమవారం పొద్దున్నే అది తిరిగి ఆఫీసుకి చేరితే ఇక అచ్చుకి పోతుంది. చూపించడానికి తీసుకెళ్ళాడో, చూపించక తప్పదని తీసుకెళ్ళాడో ఆయనకే తెలియదు.

తలుపులాయన ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు. చెవి వెనక ఎప్పుడూ ఉండే వడ్రంగి పెన్సిల్ ఆ రోజూ ఉంది, సెలవురోజు కూడా తియ్యడు.

"డోర్‌వెల్" అని చదివాడు. "ఓహో, ఇది మీరు కట్టిందా అండీ! మా కుర్రాళ్ళు, కస్టమర్లు అందరూ ఇదే మాట. ఎవడు కట్టాడో గానీ భలే కట్టాడు అనుకునేవాణ్ణి. మా అన్నయ్యగారేనన్నమాట!"

డిక్షనరీ అతని మొహంలోకి చూశాడు. ఎక్కడన్నా వెటకారం ఉందేమోనని వెతికాడు. లేదు. ఆ మనిషికి నిజంగానే గుర్తులేదు.

మరదలు కనుబొమలు ముడిచింది. "ఏమండీ, ఇది మీరే అన్నట్టు గుర్తు నాకు. అక్కావాళ్ళు వెళ్తుంటే."

"నేనా?" తలుపులాయన పెద్దగా నవ్వాడు. "ఊరుకో. నేను రోజుకి వంద వాగుతాను. నిఘంటువులోకెక్కే మాట నాకెక్కణ్ణుంచి వస్తుంది? బావగారి నోట విని నీకు నా గొంతులా అనిపించుంటుంది."

అందరూ డిక్షనరీ వైపు చూశారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఆయన భార్య కూడా చూస్తోంది. డిక్షనరీ మంచినీళ్ళ గ్లాసు తీసుకుని నింపాదిగా తాగాడు. ఆయనకి ఇప్పుడు కొత్త కడుపుమంట పట్టుకుంది. తను ఏడాదిపాటు నిద్ర పాడుచేసుకున్న మాటని ఈ మనిషి ఆ పూటే మరిచిపోయాడు. జేబులోంచి చిల్లర జారిపోయినా తెలియనంత కలిగినవాణ్ణి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ మరపుని చూసి కూడా ఓర్వలేకపోయాడు.

సాయంత్రం బయల్దేరబోతుంటే వాన మొదలైంది. నలుగురూ గుమ్మంలో ఆగారు.

"గొడుగు తెచ్చుకోలేదా అన్నయ్యగారూ?" అన్నాడు తలుపులాయన బయటికి చూస్తూ. "అయ్యో, అంబ్రెట్టే అయితే!"

డిక్షనరీ ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నావు?"

"అంబ్రెట్ అండీ. మీ మాటేగా, మరిచిపోయారా ఏంటి?" తలుపులాయన కొంచెం సిగ్గుపడ్డాడు. "మొదట్లో మీరు చెప్పినట్టే పూర్తిగా అనేవాళ్ళమండీ. మధ్యలో గ్రె దగ్గర పట్టేస్తోంది, తలుపు నేలకి రాసుకున్నట్టు. అందుకని కాస్త చిత్రిక పట్టాం. ఇప్పుడు మా వీధిలో చినుకు పడితే చాలు, అన్ని షాపులవాళ్ళదీ ఇదే మాట. పొద్దున్నే అంబ్రెట్ అయిపోయాను, తలంతా తడిసింది అంటారు. మా అన్నయ్యగారి మాటరా అని నేను అందరికీ చెబుతూనే ఉంటాను."

వాన పెద్దదైంది. తన మాట బతికే ఉంది. తను వరండాల్లో నిలబడి అరిచినన్నాళ్ళూ ఊపిరి పోసుకోనిది, ఇతని చేతిలో పడి, మధ్యలో కాస్త కోత పడి, వీధి వీధంతా తిరుగుతోంది. సంతోషం వచ్చింది. దాని వెనకే, చిత్రిక పట్టాలని తనకెందుకు తట్టలేదన్న మంట కూడా వచ్చింది. ఇన్‌ఫ్లుయెంజాకి తలా తోకా కోసిన కథ అందరికీ చెప్పిన మనిషి, తన పిల్లకి ఒక్క వెంట్రుక కూడా కత్తిరించనివ్వలేదు. వీడు కత్తిరించాడు. కత్తిరించి, పదిమందిలోనూ తన పేరే చెప్పాడు. తనేమో అడిగి మరీ చెప్పమంటే, తెలియదన్నాడు.

ఏం పుట్టుక పుట్టాను, అనుకున్నాడు డిక్షనరీ.

తలుపులాయన తలుపు వెనక వేలాడుతున్న గొడుగు తీసి, "ఇదిగో వదినగారూ" అని ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ మెట్ల మీదికి వెళ్ళి గొడుగు తెరిచింది. డిక్షనరీ కదల్లేదు.

"ఆ పెన్సిలిటివ్వు" అన్నాడు.

తలుపులాయన చెవి వెనక నుంచి పెన్సిల్ తీసిచ్చాడు. డిక్షనరీ జేబులోంచి ప్రూఫు కాగితం తీశాడు, తలుపు రెక్కకి ఆనించి పెట్టాడు. నున్నటి తలుపు, రాయడానికి బల్లకన్నా బాగుంది. పుట్టుక అన్నచోట తెలియదు అని ఉన్నదాన్ని అడ్డంగా కొట్టేశాడు. పక్కన రాయబోయి ఆగాడు. ఇన్నేళ్ళ చుట్టరికంలో తెలుసుకోనిది ఒకటి ఇప్పుడు అవసరపడింది.

"నీ ఇంటిపేరు ఇంగ్లీషులో ఎలా రాస్తావు?"

"నా ఇంటిపేరెందుకండీ ఇప్పుడు?"

"అడిగిందానికి చెప్పు."

తలుపులాయన ఒక్కొక్క అక్షరమే చెప్పాడు. డిక్షనరీ ఒక్కొక్క అక్షరమే రాశాడు. మొద్దు పెన్సిల్, అక్షరాలు లావుగా పడ్డాయి, చెరిపినా పోయేలా లేవు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న తన పేరు వైపు ఆయన చూడలేదంటే అబద్ధమే. రెండుసార్లు చూశాడు. రెండోసారి చూసినప్పుడు మరీ చిన్నగా కనబడింది.

తలుపులాయన భుజం మీదుగా తొంగిచూసి కంగారుపడ్డాడు. "ఇది తప్పండీ. నేనన్నట్టు నాకసలు గుర్తే లేదు."

"నాకు గుర్తుంది" అన్నాడు డిక్షనరీ. "అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నువ్వే అన్నావు, ఈ రెక్కే పట్టుకుని." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెన్సిల్ తిరిగిచ్చేశాడు. కడుపులో మంట ఆరిందా అంటే ఆరలేదు. తోడల్లుడి మొహంలో మెల్లగా విచ్చుకుంటున్న సంతోషాన్ని చూస్తే ఇంకాస్త రాజుకుంది కూడా. లోపలికి పరుగెత్తిన మరదలు అత్తగారికి చెబుతున్న గొంతు, దాని వెంటే అత్తగారి "నిజంగానా!" అన్న గొంతు వినబడ్డాయి. ఎదురింటావిడకి రేపు పొద్దునకల్లా తెలుస్తుంది. తెలియనీ, అనుకున్నాడు పళ్ళు బిగించి.

"వెళ్ళొస్తాం" అన్నాడు.

రెండు మెట్లు దిగాడు. భార్య గొడుగు ఆయన మీదికి పట్టింది. ఆ గొడుగు కింద, చాలా రోజుల తర్వాత, ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పుడాయన ఆగాడు, వెనక్కి తిరిగాడు, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అన్నట్టు" అన్నాడు తోడల్లుడితో, గొంతు తగ్గించి. "ఆ అంబ్రెట్ ఉంది చూశావూ, మీ వీధిలో ఎవరైనా ఎక్కడైనా రాతలో పెట్టారా?"

"రాతలోనా? లేదండీ, ఊరికే నోటి మాటే."

"రాయించు. నువ్వు రాయకు, పనికిరాదు. మనకి ఏ చుట్టరికమూ లేనివాళ్ళు రాయాలి. పక్క షాపాయన ఉన్నాడుగా, ఆయన మనకేమీ కాడు కదా?"

మెట్ల మీద ఆయన భార్య తెరిచిన గొడుగు మళ్ళీ ముడిచి, వాన పడని పక్కకి వచ్చి నిలబడింది.